కరెంటు తీగల దగ్గర చెట్లు కొట్టేవారికి నిజంగా పని తెలియదా?

ప్రతి వేసవిలో కరెంటు వాళ్లు వచ్చి మీ వీధిలోని చెట్లను మోడు చేసి పోతున్నారనీ, వారికి చెట్ల గురించి ఓనమాలైనా తెలుసా అనీ, వారిని ఆపే హక్కు మీకు ఉందా అనీ, ఈ మార్చిలో సగానికి కొట్టేసిన మీ గేటు ముందరి వేప మళ్లీ కోలుకుంటుందా అనీ మీరు అడిగారు. నేను విద్యుత్ పంపిణీ సంస్థలో జూనియర్ లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేసినవాడిని. మొదట్లో ఈ పని స్వయంగా చేశాను, తరువాత చేయించాను. అందువల్ల నా సమాధానం కొంత వారి వైపు మొగ్గినట్లు మీకు అనిపించవచ్చు. అయినా వారి మీద పడే నిందలో న్యాయమైన భాగం ఎంతో కూడా చెబుతాను.

ముందుగా ఆ వచ్చినవారు ఎవరో తెలియాలి. మీరు అందరినీ కలిపి కరెంటు వాళ్లు అంటున్నారు గానీ, ఆ గుంపులో సాధారణంగా రెండు రకాల మనుషులు ఉంటారు. కింద నిలబడి, చేతిలో ఫోను పట్టుకుని, సబ్‌స్టేషన్‌తో మాట్లాడుతూ ఉండే లైన్‌మన్ లేదా అసిస్టెంట్ లైన్‌మన్ సంస్థ ఉద్యోగి. చెట్టెక్కి మచ్చుకత్తితో కొమ్మ కొట్టేవాడు చాలా సందర్భాలలో కాంట్రాక్టరు తీసుకువచ్చిన రోజుకూలీ. మొదటివాడికి లైను తెలుసు, చెట్టు తెలియదు. రెండవవాడికి చెట్టెక్కడం తెలుసు, లైను తెలియదు. మన దగ్గర ఈ రెండూ తెలిసిన మనిషిని తయారు చేసే శిక్షణ గానీ, అలాంటి మనిషికంటూ ఒక ఉద్యోగ హోదా గానీ నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. మీ వీధిలో జరిగినదానికి మూలం చాలావరకు అక్కడే ఉంది.

అసలు కొట్టవలసిన అవసరం ఏమిటన్నది తరువాతి సంగతి. మీ వీధిలో స్తంభాల పైవరుసన ఉండే మూడు తీగలు బహుశా 11 కేవీ లైను, అంటే 11,000 వోల్టులు. వాటి మీద పైపొర ఏదీ ఉండదు, అవి నగ్నమైన అల్యూమినియం తీగలు. తడిసిన కొమ్మ వాటిలో ఒకదానికి తగిలితే కరెంటు మాను గుండా భూమిలోకి దిగుతుంది, సబ్‌స్టేషన్‌లో ఎర్త్ ఫాల్ట్ (కరెంటు భూమిలోకి పోతున్న లోపం) నమోదై బ్రేకర్ ట్రిప్ అవుతుంది, అంటే లైను దానంతట అదే ఆగిపోతుంది, ఆ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే ఆ లైను, మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఒక్క కొమ్మ వల్ల మూడు కాలనీలు చీకటి కావడం ఇందుకే. అయితే మాకు ట్రిప్ అయిన లైను కన్నా ట్రిప్ కాని లైనంటేనే ఎక్కువ భయం. పొడిగా ఉన్న కొమ్మ ఆనుకున్నప్పుడు లోపాన్ని కనిపెట్టే రిలే పసిగట్టేంత కరెంటు పారకపోవచ్చు. తీగ మాత్రం ఆ ఒక్కచోటే నిప్పురవ్వలు రాలుస్తూ కాలి కాలి పలచబడి, ఏదో ఒక గాలికి తెగి పడుతుంది. తెగి ఎండిన నేల మీద పడిన తీగలో కూడా ఒక్కొక్కసారి కరెంటు అలాగే ఉంటుంది. పొలాల్లో పశువులు, మనుషులు చనిపోయే ప్రమాదాలలో కొన్నింటికి కారణం ఇదే.

మరొక విషయం చాలామంది గమనించరు. తీగ ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండదు. ఎండకూ, లోడుకూ వేడెక్కి సాగుతుంది, రెండు స్తంభాల నడుమ కిందికి దిగుతుంది, గాలికి పక్కకు ఊగుతుంది. జనవరి ఉదయం కొమ్మకూ తీగకూ నడుమ మీరు చూసిన ఖాళీ మే నెల మధ్యాహ్నం ఉండదు. కొమ్మ కూడా ఆగదు, జూన్ వానలు పడిన తరువాత సుబాబుల్ వంటి చెట్టు ఒక్క ఏడాదిలోనే మనిషి నిలువును మించి పెరుగుతుంది. అందుచేత కొట్టేవాడు ఇవాళ్టి ఖాళీని కాకుండా వచ్చే మార్చి నాటి ఖాళీని చూసి కొడతాడు. మీకు అది అతిగా కనిపించడంలో వింత లేదు.

ఇప్పుడు ఎల్సీ సంగతి. ఎల్సీ అంటే లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపి, పని ముగిసిందని తిరిగి చెప్పేదాకా ఇవ్వకుండా ఉంచే అనుమతి. పత్రికల జిల్లా పేజీలో "చెట్ల కొమ్మల తొలగింపు కారణంగా ఉదయం 10 నుంచి 12 గంటల వరకు సరఫరాలో అంతరాయం" అని వచ్చే చిన్న వార్త దాని గురించే. చదవడానికి అది రెండు గంటలు. పనికి దక్కేది అంత కాదు. లైన్‌మన్ అడగాలి, సబ్‌స్టేషన్ ఆపరేటరు బ్రేకరు తీసి, పుస్తకంలో పేరూ సమయమూ రాసుకోవాలి, పని జరిగే చోటికి ఇరువైపులా లైనును విడదీసే ఏబీ స్విచ్‌లు ఉంటే వాటిని తెరవాలి, తీగలో కరెంటు లేదని పరీక్షించాలి, ఆ తరువాత ఎర్తింగ్ చేయాలి, అంటే లైనును భూమికి కలపాలి. ఎర్తింగ్‌కు ఒక వరుస ఉంది. రాడ్డుకు ఉన్న తీగ కొసను ముందు భూమికి బిగించి, ఆ తరువాతే పైకొక్కేన్ని లైనుకు తగిలించాలి. విప్పేటప్పుడు ముందు లైను నుంచి తీసి, చివరకు భూమి నుంచి తీయాలి. తారుమారు చేస్తే లైనులో మిగిలినది రాడ్డు పట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఎర్తింగ్ పని జరిగే చోటికి ఒకవైపు చేస్తే సరిపోదు, రెండువైపులా చేయాలి. ఎందుకంటే అపార్ట్‌మెంటు జనరేటరో, ఎవరో అడ్డదిడ్డంగా వైరింగ్ చేయించుకున్న ఇన్వర్టరో ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి కరెంటు పంపవచ్చు. 230 వోల్టులుగా వెనక్కి పోయినది ట్రాన్స్‌ఫార్మరు దాటగానే వేల వోల్టులు అవుతుంది. ఇదంతా సక్రమంగా చేసేసరికి అరగంట గడుస్తుంది. ముగింపులో మళ్లీ ఎర్తులు విప్పి, మనుషులను లెక్క చూసుకుని దింపి, ఎల్సీ తిరిగి ఇవ్వడానికి మరికొంత పడుతుంది.

మిగిలిన గంటలో, ఒక ఫీడరు మీద కిలోమీటర్ల పొడవున, ఎన్ని చెట్లు వస్తే అన్ని చూడాలి. పదకొండున్నరకే ఫోనులు మొదలవుతాయి. ఆసుపత్రి వాళ్లు అడుగుతారు, పిండిమర వాళ్లు అడుగుతారు, మీ వీధివాళ్లూ 1912కు ఫోను చేస్తారు. ఆ ఒత్తిడిలో చెట్టు మీది మనిషి ఏ కొమ్మ ఎక్కడ కొడితే చెట్టుకు మంచిదని ఆలోచించడు, చెయ్యి అందిన చోట కొడతాడు. ఎల్సీ ఇంకా రాకముందే ఎక్కించే కాంట్రాక్టర్లూ, పక్క ఫీడరుకు ఎల్సీ తీసుకుని ఈ ఫీడరు మీద పని మొదలుపెట్టే తొందరగాళ్లూ ఉన్నారు. ఈ వృత్తిలో ప్రాణాలు ఎక్కువగా పోయేది అలాంటి సందర్భాలలోనే.

సరిగా కొట్టడం ఎలా ఉంటుందో ఒక్క కొమ్మతో చెబుతాను, మీరు మీ వీధిలో పోల్చి చూసుకోవచ్చు. నిద్రగన్నేరు కొమ్మ ఒకటి, తొడ లావున, తీగల మీదుగా అవతలికి వాలి ఉందనుకోండి. దాన్ని ఒక్క దెబ్బకు కొడితే బరువుతో తీగల మీద పడుతుంది, లేదా సగం తెగి, మాను బెరడును చేటంత వెడల్పున చీల్చుకుంటూ వేలాడుతుంది. అందుకని ముందు కొమ్మ నడుమకు తాడు కట్టి, ఆ తాడును పైనున్న గట్టి పంగలోంచి వేసి, కింద ఇద్దరు పట్టుకోవాలి. మానుకు జానెడున్నర దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోత పెట్టాలి. తరువాత దానికి కాస్త అవతలగా పై నుంచి కోయాలి. అప్పుడు కొమ్మ బెరడు చీల్చకుండా విడిపోతుంది, తాడు మీద వేలాడుతుంది, కిందివాళ్లు దాన్ని తీగలకు ఎడంగా తిప్పి దించుతారు. చివరగా మిగిలిన మొండిని కోయాలి. కొమ్మ మానులో కలిసేచోట ఉబ్బెత్తుగా ఒక కట్టు ఉంటుంది. కోత ఆ కట్టుకు సరిగ్గా వెలుపల పడాలి. కట్టును కోస్తే గాయం పెద్దదై పుచ్చు లోపలికి పోతుంది, కట్టుకు దూరంగా మొండి వదిలితే అది ఎండి, కుళ్లి, అదే పుచ్చును మెల్లగా మానులోకి తీసుకుపోతుంది. మంచి పనివాడి కోత ఏడాది తిరిగేసరికి చుట్టూ గుండ్రంగా బెరడు కమ్ముకుంటూ వస్తుంది. దాన్ని చూసి ఈ చెట్టెక్కినవాడికి పని తెలుసునని చెప్పవచ్చు.

మీ వీధిలో జరిగినది ఇది కాదని మీరు పంపిన వివరాలను బట్టే అర్థమవుతోంది. అన్ని కొమ్మలనూ ఒకే ఎత్తులో అడ్డంగా నరికి వదలడం చెట్టుకే కాక లైనుకూ చేటు. అలా మోడైన కొమ్మ చివర నుంచి డజన్లకొద్దీ చిగుళ్లు గుబురుగా పుట్టి నిటారుగా, మామూలు కొమ్మలకన్నా వేగంగా పైకి లేస్తాయి, పైగా వాటికి మానుతో పట్టు తక్కువ, గాలికి విరిగి తీగల మీదే పడతాయి. రెండేళ్లు తిరిగేసరికి ముందున్నదానికన్నా దట్టమైన గుబురు అదే తీగకు అందుకుంటుంది. తీగల వైపు పోయే కొమ్మలను పంగ దగ్గరే పూర్తిగా తీసేసి, తీగలకు ఎడంగా పోయే కొమ్మలను ముట్టుకోకుండా వదిలితే చెట్టు తన పెరుగుదలను ఆ దిక్కుకే మళ్లిస్తుంది, మళ్లీ వచ్చే ఏడాదికి కొట్టవలసినది సగం తగ్గుతుంది. ఇది తెలిసీ చేయకపోవడానికి కారణం ఉంది. కాంట్రాక్టరు బిల్లులో లెక్కించేది ఎంత పొడవు లైను శుభ్రమైందన్నదే, కోత ఎక్కడ పడిందో ఎవరూ చూడరు. కాబట్టి ఈ విషయంలో మీ కోపం న్యాయమైనదే, కాకపోతే అది చెట్టు మీదివాడి కన్నా టెండరు షరతులు రాసేవారికి చేరడం మేలు. కొట్టిన కొమ్మలను కాలువ మీదా, గేటుకు అడ్డంగానూ వదిలి పోవడం గురించి సమర్థించడానికి నా దగ్గర మాటే లేదు.

ఇక ఆ చెట్టును అక్కడ నాటినవారి సంగతి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం వీధి వెంబడి పోయే 11 కేవీ తీగ నేలకు కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. అడవుల గుండా పోయే లైన్ల విషయంలో కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు 11 కేవీ తీగకూ చెట్టుకూ నడుమ 2.6 మీటర్లు ఖాళీ ఉండాలంటాయి. అదే కొలత వీధికి వర్తింపజేసి చూడండి: చెట్టుకు మిగిలేది 3.2 మీటర్లు, అంటే పదిన్నర అడుగులు. పదిన్నర అడుగుల దగ్గర ఆగిపోయే తురాయిని నేను ఇంతవరకు చూడలేదు. తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు, ఏడాకుల చెట్టు, కానుగ, కోనోకార్పస్ వంటివన్నీ తీగల కింద వరుసగా నాటిన వీధులు మన రెండు రాష్ట్రాలలోనూ కొల్లలు. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైనప్పుడు మొక్కల సంఖ్య మీద ఉన్న శ్రద్ధ పైకి చూడటంలో అన్నిచోట్లా లేకపోయింది. నాటిన రోజున అందరూ ఫొటో దిగారు, అవి పెరిగాక కత్తి పట్టిన కూలీ ఒక్కడే ఆ ఫొటోలో లేనివాడు. తీగల కింద నందివర్ధనం, పారిజాతం, గన్నేరు, మందార, దానిమ్మ, నిమ్మ, కరివేపాకు పెట్టుకుంటే మీకూ మాకూ తగవు ఉండదు.

కొబ్బరి విషయం వేరు. కోనసీమలోనూ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ తోటల నడుమ నుంచే లైన్లు పోతాయి. కొబ్బరికి పెరిగే మొవ్వు ఒక్కటే, దాన్ని తీస్తే చెట్టే పోతుంది. కాబట్టి అక్కడ కొమ్మ కొట్టడమనే మధ్యేమార్గం లేదు, మట్టలు తీస్తూ పోవడమో, చెట్టంతా తీయడమో జరగాలి. అందుకే అక్కడి రైతు చెట్టు కింద నిలబడి దెబ్బలాడతాడు, ఆ దెబ్బలాటలో నాకు తప్పు కనిపించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి చెట్లను కూల్చినప్పుడు స్తంభం నిలబెట్టడానికి ముందు చెట్టు తొలగించడానికే రోజులు పట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కూడా అంతే, లైను సామాను వచ్చినా రంపపు మనుషులు దారి చేస్తే తప్ప లారీ కదలని వీధులు ఎన్నో. ఆ తరువాత విశాఖలో ప్రపంచ బ్యాంకు సహాయంతో భూగర్భ కేబుళ్లు వేయడం మొదలైంది. చెట్టుకూ తీగకూ తగాదా శాశ్వతంగా తీర్చే మార్గం అదే గానీ, దాని ఖర్చు ప్రతి ఊరూ మోయగలిగినది కాదు. మధ్యేమార్గంగా పైపొర ఉన్న ఏరియల్ బంచ్డ్ కేబుల్ ఉంది. దానికి కొమ్మ ఆనితే వెంటనే ప్రమాదం లేదు, కాబట్టి కొట్టవలసిన వెడల్పు బాగా తగ్గుతుంది.

ఈ పనిని చిన్నచూపు చూసేవారికి 2003 నాటి రెండు సంఘటనలు చెబుతూ ఉంటాను. ఆ ఏడాది ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో మూడు 345 కేవీ లైన్లు ఒకదాని తరువాత ఒకటి కింద పెరిగిన చెట్లను తాకి ఆగిపోయాయి. మోయగలిగినదానికి మించిన లోడు వాటి మీద లేదు, కింది చెట్లను సకాలంలో కొట్టలేదు, అంతే. సాయంత్రానికి అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మంది చీకటిలో పడ్డారు. సెప్టెంబరు 28న స్విట్జర్లాండులో ఒక లైను నుంచి చెట్టుకు కరెంటు దూకి అది ఆగిపోగా, దానితో మొదలైన వరుసలో సార్డీనియా తప్ప ఇటలీ అంతా ఆగిపోయింది. ఒహాయో తరువాత అమెరికాలో ప్రధాన లైన్ల కింద చెట్ల నిర్వహణను తప్పనిసరి నిబంధన చేశారు. అక్కడ ఇది శిక్షణ ఉన్న ప్రత్యేక వృత్తి, శిక్షణ లేనివారు మన 11 కేవీ వంటి లైనుకు 10 అడుగుల లోపలికి రాకూడదు. అయినా అక్కడి మన బంధువుల కాలనీలలో కూడా నడుమ చీల్చినట్లు కొట్టిన చెట్లను చూసి జనం తిట్టుకుంటూనే ఉంటారట. కనుక మంచి పేరు శిక్షణతో వచ్చేస్తుందని నేను అనను, ప్రాణాలు మాత్రం మిగులుతాయి. మన దగ్గర తాటిచెట్లెక్కే గీత కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తీగల పక్కన చెట్టెక్కే కూలీకి నడుముకు కట్టుకునే పాత తాడు తప్ప మరొకటి ఉండటం నేను అరుదుగా చూశాను.

మీ రెండవ ప్రశ్న, ఆపవచ్చా అన్నది. 2003 నాటి విద్యుత్ చట్టం 68వ సెక్షను ప్రకారం లైనుకు అడ్డు వచ్చే, రాగల చెట్టును తొలగించమని సంస్థ దరఖాస్తు చేస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఆదేశం ఇవ్వవచ్చు. లైను వేయకముందే ఆ చెట్టు అక్కడ ఉంటే దాని యజమానికి పరిహారం కూడా నిర్ణయించాలి. లైను వచ్చిన తరువాత నాటిన చెట్టుకు ఆ అవకాశం లేదు. చెట్టును మొదలంటా నరకడం వేరు, దానికి నీరు, నేల, చెట్ల పరిరక్షణకు చేసిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. కొమ్మలు కొట్టే పేరుతో మాను నరికితే మీరు నిలదీయవచ్చు. అయితే మీరు నిలదీయవలసినది ఎల్సీ నడుస్తుండగా చెట్టు మీద ఉన్న మనిషిని కాదు. అతడితో కింది నుంచి వాదిస్తే అతడి చూపు తప్పుతుంది, సమయం పోతుంది, మిగిలిన కొమ్మలు మరింత తొందరగా, మరింత మొరటుగా పడతాయి. ఫిబ్రవరిలోనే మీ కాలనీ సంఘం తరఫున సెక్షను ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాసి, మీ ఫీడరుకు ఎల్సీ ఎప్పుడో ముందే అడగండి. తీగల వైపు కొమ్మలను పంగ దగ్గర తీయమనీ, వీధి వైపు కొమ్మలను వదలమనీ కోరండి. అదే కాగితం ప్రతిని మున్సిపాలిటీకి ఇచ్చి చెత్త బండిని ఆ రోజే పంపమనండి, ఎందుకంటే కొమ్మలు ఎత్తడం ఎవరి పని అన్న దాని మీద రెండు కార్యాలయాలూ ఒకదాని వైపు ఒకటి చూపిస్తూనే ఉంటాయి. నిద్రగన్నేరు నీడ పోతుందని వాదించడం కన్నా ఆ రెండు స్తంభాల నడుమ బంచ్డ్ కేబుల్ వేయమని అడగడం వల్ల ఫలితం ఎక్కువ.

మీరే కూలీని పెట్టి ఎల్సీ లేకుండా కొట్టించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మునగకాయలకో మామిడికాయలకో ఇనుప గొట్టం, అల్యూమినియం నిచ్చెన వాడి చనిపోయినవారి వార్త ప్రతి వేసవిలో వస్తూనే ఉంటుంది. పచ్చి వెదురు, తడిసిన వెదురు కూడా కరెంటును ఆపవు.

చివరగా మీ వేప. సగానికి కొట్టిన వేప సాధారణంగా బతుకుతుంది, చిగుర్చే శక్తి దానికి బాగా ఉంది. వానలకు మోడు చివర గుబురుగా చిగుళ్లు వస్తాయి. వాటిని వెంటనే దులిపేయకండి, చెట్టుకు ఇప్పుడు ఆకు కావాలి. వచ్చే చలికాలం చివర, పొడి వాతావరణంలో, ఒక్కొక్క మోడు మీద తీగలకు ఎడంగా పోతున్న రెండు గట్టి రెమ్మలను ఉంచి మిగిలినవి తీయించండి. వేలాడుతున్న మొండ్లను కట్టు దగ్గరకు రంపంతో నున్నగా కోయించండి. గాయం మీద సిమెంటు, తారు పూయవద్దు, తేమ లోపలే నిలిచి పుచ్చు పెరుగుతుంది. 2021లో తెలంగాణలో వేపచెట్లు చివర్ల నుంచి ఎండిపోయిన సంగతి మీకు గుర్తుండవచ్చు. అది ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే ఎండు తెగులు. కాబట్టి మరో వేపను కొట్టిన కత్తిని కడగకుండా దీనికి వాడనివ్వకండి. మీ చెట్టులో కొట్టిన వైపు మాత్రమే ఎండితే కంగారు పడవద్దు. కత్తి తగలని వైపు రెమ్మలు కూడా చివర్ల నుంచి గోధుమరంగుకు తిరుగుతూ వస్తుంటే అది కరెంటు వాళ్ల పని కాదు, తెగులు. ఆ రెమ్మ ఒకటి తుంచి మీ మండల ఉద్యాన అధికారికి చూపించండి.